పలికించువాడెవరు? పోతన పీఠికలోని ప్రేరణ భావము: ఓరుగల్లు సంఘాల దృష్టితో ఒక పరిశీలన

కొన్నేళ్ల క్రితం మా తరగతిలో ఒక విద్యార్థి వేసిన ప్రశ్నతో ఈ వ్యాసము మొదలైంది. అతడు సెలవు దినాల్లో పాలకుర్తి వైపు ఒక చిన్న సంఘములో పరిచర్య చేసేవాడు. అరవై దాటిన తరువాత బాప్తిస్మము పొందిన ఒక పెద్దాయన అక్కడ మరణపడకపై ఉన్నాడు. ప్రార్థన చేయడానికి వెళ్తే ఆయన నోట క్రైస్తవ కీర్తన రాలేదు. చిన్నతనంలో బడిలో వల్లె వేసిన గజేంద్రమోక్షంలోని పద్యం వచ్చింది. పక్కనున్న సంఘ పెద్ద “ఆపించండి అయ్యగారూ” అన్నాడట. ఆ విద్యార్థి మమ్మల్ని అడిగింది ఆపించాలా వద్దా అని కాదు. “అయ్యగారూ, ఆ పద్యం పలికించింది ఎవరు?” అని అడిగాడు.

బమ్మెర పోతన కూడా తన కావ్యం మొదట్లోనే ఈ ప్రశ్న వేసుకొని జవాబు చెప్పుకున్నాడు. తాను పలికేది భాగవతమని, తనచేత పలికించేవాడు రామభద్రుడని ఆయన జవాబు. తెలుగు చదువుకున్న ప్రతి ఇంటికీ ఈ మాట తెలుసు. కాని ఇది ఏ విధమైన మాట? కవి వినయమా, సంప్రదాయమా, లేక నిజంగా దైవప్రేరణను గూర్చిన సాక్ష్యమా? దీనిని తేల్చుకోకుండానే మన ప్రసంగాల్లో కొందరు పోతనను మెచ్చుకుంటారు, కొందరు ఖండిస్తారు. ముందుగా ఆ సాక్ష్యాన్ని దాని స్వంత మాటలలో వినవలెనని మా ఉద్దేశము.

పీఠిక చెప్పేది

పోతన 15వ శతాబ్దివాడు. ఊరు బమ్మెర, ఒకప్పటి వరంగల్ జిల్లాలోనిది, 2016లో జిల్లాల విభజన తరువాత జనగామ జిల్లాలో చేరింది. ఆయన చెప్పిన ఏకశిలానగరము ఓరుగల్లే అని ఇక్కడివారు, కడప జిల్లాలోని ఒంటిమిట్ట అని అక్కడివారు చాలాకాలం వాదించుకున్నారు. పీఠికను విడిచి ఊరి కోసం పోట్లాడుకున్నట్లయింది ఆ వాదము. మేము బమ్మెర వైపే ఉన్నామని దాచుకోము, కాని ఈ వ్యాసానికి అది ముఖ్యము కాదు.

పీఠికలోని వృత్తాంతం ఇది. చంద్రగ్రహణపు రాత్రి పోతన గంగకు వెళ్లి స్నానం చేసి, ఇసుకతిన్నె మీద కూర్చొని ధ్యానంలో ఉన్నాడు. (అది కాశీ గంగయా, మన ప్రాంతపువారు గంగ అని పిలిచే గోదావరియా అన్నది మరొక వాదము.) కన్నులు సగం మూసి ఆయన ధ్యానిస్తున్నది మహేశ్వరుని, ఎదుట నిలిచింది రామభద్రుడు. భాగవతాన్ని తన పేరిట తెనిగించమని చెప్పి రాముడు అదృశ్యమయ్యాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగవలెను. పోతన శైవ కుటుంబంలో పుట్టినవాడు. ఆయన పేరిట వీరభద్రవిజయమనే శైవకావ్యం కూడా ఉన్నది. అటువంటివాడు శివుని తలచుకుంటూ ఉండగా విష్ణువు అవతారమైన రాముడు వచ్చాడని రాసుకొన్నాడు. కల్పించుకొనేవాడు తాను కోరుకొన్న దేవునినే రప్పించుకొంటాడు కదా! ఎదురుచూసినది ఒకటి, వచ్చినది మరొకటి అని ఒప్పుకోవడంలో ఒక నిజాయితీ కనిపిస్తుంది. శపించడానికి కూలికి వచ్చి దీవించి వెళ్లిన బిలాము కథ (సంఖ్యాకాండము 22–24) చదివినవారికి ఈ తలక్రిందులు కొత్త కాదు. పోతనను బిలాముతో సమానం చేస్తున్నామని ఎవరూ అనుకోవద్దు. వక్త అనుకున్నది ఒకటైతే నోట వచ్చినది మరొకటి కావడం మన లేఖనాలకు తెలిసిన సంగతే అని మాత్రమే మా భావము.

తరువాత ఏమి జరిగింది? దర్శనము కలిగినవాడు వెంటనే కలం పట్టలేదు. ఏకశిలానగరానికి వచ్చి గురువుల, పెద్దల, పండితుల, బంధువుల అనుమతి తీసుకున్నాడు. దర్శనాన్ని పదిమంది ముందు పెట్టాడన్నమాట. ప్రవక్తలు మాట్లాడగా తక్కినవారు వివేచింపవలెనని పౌలు కొరింథు సంఘానికి చెప్పిన నియమము (1 కొరింథీ 14:29) ఇక్కడ జ్ఞాపకం రాక మానదు.

అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. భాగవతాన్ని పూర్తిగా తెలిసి చెప్పడం శివబ్రహ్మలకైనా కష్టమంటూ, తాను పండితుల వలన విన్నంత, తాను చూసినంత, తనకు అర్థమైనంత చెబుతానని ఆయన అదే పీఠికలో అంటాడు. పలికించేవాడు దేవుడని ఒకచోట, విన్నంత, కన్నంత అని మరొకచోట. ఈ రెండు మాటలకూ పొత్తు కుదరదని ఆయనకు తోచలేదు. లూకాకు కూడా తోచలేదు. సువార్త మొదటి నాలుగు వచనాల్లో తాను అన్నిటినీ మొదటినుండి పరిశోధించి వరుసగా రాస్తున్నానన్న లూకాను సంఘము దైవావేశము పొందిన రచయితగానే స్వీకరించింది.

మన వ్యాకరణము ఇక్కడ సహాయము చేస్తుంది. పలుకు అన్న ధాతువుకు ‘ఇంచు’ చేరితే పలికించు అవుతుంది. దీనిని ప్రేరణార్థకము అంటారు. మన వేదాంత తరగతిలో వినిపించే ‘ప్రేరణ’ మన తెలుగు తరగతిలోనిదే. సంస్కృత వ్యాకరణంలో ప్రేరేపించేవాడు ప్రయోజక కర్త, ప్రేరణ పొంది పని చేసేవాడు ప్రయోజ్య కర్త. ఇద్దరికీ కర్త అనే పేరు పోలేదు. పలికించినవాడున్నంత మాత్రాన పలికినవాడు గొట్టంగా మారిపోడు. మూలంలో ఉన్న గజేంద్రుని కథను పోతన బాగా పెంచాడు, దేవుడున్నాడా లేడా అన్న సందేహాన్ని కూడా ఏనుగు నోట పెట్టాడు. ఆ పెంపులో ఉన్నది పోతన గుండెయే.

జనము చెప్పుకొనే కథ మాత్రం వేరే దారి పట్టింది. వైకుంఠాన్ని వర్ణించే పద్యం సగంలో ఆగిపోతే పోతన బయటికి వెళ్లాడని, రాముడే ఆయన రూపంలో వచ్చి పూర్తి చేసి వెళ్లాడని ఆ కథ. చిత్తూరు నాగయ్య పోతనగా నటించిన ‘భక్త పోతన’ సినిమా (1943) తరువాత పోతన అంటే జనం కళ్లకు కట్టింది ఈ మహిమల పోతనే. గమనించండి: పీఠికలో రాముడు పలికిస్తాడు, కథలో రాముడు స్వయంగా రాసేస్తాడు. ప్రేరణార్థకము పోయి కవి అవసరం లేకుండా పోయింది. మన సంఘాల్లో కూడా బైబిలును గూర్చి ఇటువంటి కథ చెప్పేవారున్నారు. యెషయా, పౌలు చేతులు తప్ప మనసు పెట్టలేదన్నట్లు మాట్లాడతారు.

ఆ గ్రంథము మనకు చేరిన విధము కూడా చూడవలెను. రాజుకు అంకితమివ్వనందుకు పాతిపెట్టించారని, చెదలు తిన్నాయని జనశ్రుతి. కారణమేదైనా, పంచమ స్కంధము గంగనది, షష్ఠము సింగనది, ఏకాదశ ద్వాదశాలు వెలిగందల నారయవి. అంటే దైవము పలికించిందని కవి చెప్పుకొన్న గ్రంథములో నాలుగు స్కంధాలు ఇతరుల చేతిమీదుగా వచ్చినవి. తెలుగు పాఠకులు దీనికి కలత చెందలేదు, ఆ కవుల పేర్లు దాచలేదు. పంచకాండముల చివర మోషే మరణాన్ని ఎవరు రాశారని అడిగిన విద్యార్థిని గద్దించే బోధకులు దీనిని ఆలోచించవచ్చు.

పాలకుర్తి దారి

బమ్మెర నుండి పాలకుర్తి కొద్ది కిలోమీటర్లే. పోతనకు శతాబ్దానికి పైగా ముందు కాకతీయుల కాలంలో ఆ ఊరివాడైన పాల్కురికి సోమనాథుడు బసవపురాణము రాశాడు. ఆయన వాదము వేరు. తన ద్విపదలను తెలుగు మాటలని తేలికగా చూడవద్దని, వేదాలతో సమానంగా చూడమని ఆయన కోరాడు. పాఠకుణ్ణి ఒప్పించడానికి ఏటి ఒడ్డున కలిగిన దర్శనాన్ని చూపలేదు. భక్తుల జీవితాలే పవిత్రములు గనుక వారిని గూర్చిన మాట వేదమవుతుందని, అది అందరికీ తెలిసే భాషలో ఉండవలెనని ఆయన పట్టు.

మన సంఘాలకు ఈ తేడా చిన్నది కాదు. ఓరుగల్లు ప్రాంతపు విశ్వాసులలో అధికులు మాదిగ, మాల కుటుంబాలవారు. పురాణ కాలక్షేపము జరిగిన అరుగుల మీద వారి పూర్వికులకు చోటు లేదు. భాగవతము వారికి చేరింది బడి ద్వారా, భాగోతాల ద్వారా. సోమనాథుని పురాణములోనైతే మాదర చెన్నయ్య ఇంటి అంబలిని శివుడే ఆరగిస్తాడు. కాబట్టి ‘హిందూ సాధువుల వాక్కులో దేవుడున్నాడా’ అని అడిగేటప్పుడు, ఏ సాధువు, ఎవరి ఇంటివాడు అని కూడా అడగవలెను. భారత క్రైస్తవ వేదాంతము చాలాకాలం సంస్కృత గ్రంథాలతోనే సంభాషించి, ఇంటి పక్కనున్న వాక్కును వినలేదన్నది మా ఫిర్యాదు.

ఇంకొక వాక్కు కూడా ఉన్నది. సంక్రాంతి సమయంలో ఐనవోలు మల్లన్న జాతరకు వెళ్లినవారు శివసత్తుల పూనకము చూసి ఉంటారు. అక్కడ పలికేది దేవుడే, మనిషికి తరువాత జ్ఞాపకముండదని నమ్మకము. పోతన చెప్పినది ఇది కాదు. విచిత్రమేమంటే, మన తెలుగు బైబిలు 2 తిమోతి 3:16లో వాడిన దైవావేశము అన్న మాట మన ఊళ్లలో వినేవారికి ముందుగా ఈ పూనకాన్నే గుర్తు చేస్తుంది. గ్రీకు మూలములో ఉన్నది ఆవేశము కాదు, దేవుని ఊపిరి. 2 పేతురు 1:21లోని క్రియ మోయబడటాన్ని చెబుతుంది. అపొస్తలుల కార్యములు 27లో గాలికి కొట్టుకుపోయిన ఓడకు వాడినది అదే క్రియ. గాలి మోసినా ఓడ ఓడగానే ఉంటుంది, అందులోని నావికులు పని మానలేదు. తెలుగు అనువాదకులు అక్కడ ప్రేరేపింపబడుట అన్న మాటను ఎన్నుకొని మేలు చేశారు. బోధించేటప్పుడు ఆ మాటనే ముందుకు తేవడం మంచిది.

సంఘము ఇచ్చిన జవాబులు

ఈ ప్రశ్న పాతదే. 2వ శతాబ్దిలో జస్టిన్ మార్టిర్ గ్రీకు తత్త్వవేత్తలలో వాక్యపు విత్తనాలున్నాయన్నాడు. 1913లో ఫర్కార్ క్రీస్తును హిందూమతానికి కిరీటమన్నాడు. 1938లో తాంబరం సభ కోసం రాసిన గ్రంథములో క్రేమర్ దీనిని గట్టిగా ఎదిరించి, బైబిలు ప్రత్యక్షతకు, మతాలకు మధ్య గీత గీశాడు. అదే సంవత్సరం నెల్లూరువాడైన పి. చెంచయ్య, ఆయన మిత్రులు మద్రాసు నుండి తమ జవాబు ప్రచురించారు. క్రీస్తును నూతన సృష్టిగా చూసిన చెంచయ్య హిందూ వారసత్వాన్ని బయట పారేయడానికి ఒప్పుకోలేదు. కథోలికులు 1974లో బెంగుళూరులో ఇతర మత గ్రంథాల ప్రేరణను గూర్చియే ప్రత్యేకంగా సదస్సు జరిపారు. ఒక విధమైన ప్రేరణను వాటికి అంగీకరించవచ్చని అక్కడ పలువురు వాదించారు. 2000లో వతికాను ప్రకటన ‘దోమినుస్ యేసుస్’ ప్రేరిత గ్రంథములన్న పేరును పాత, క్రొత్త నిబంధనలకే ఉంచింది. ఇతర గ్రంథాలు తమ వారిని దేవుని వైపు నడిపించే అంశాలు కలిగి ఉన్నాయని మాత్రం ఒప్పుకొన్నది.

మా అభిప్రాయము చెప్పవలసి వస్తే, ప్రేరిత లేఖనమన్న పేరును మేము కూడా కానోనుకే ఉంచుతాము. లేఖనము సంఘాన్ని కొలిచే కొలబద్ద. పోతన పద్యము ఎంత మధురమైనా ఆ పని కోసం మనకివ్వబడలేదు. అయితే ఆత్మ పలికించడము, సంఘము లేఖనముగా స్వీకరించడము ఒకటే సంగతి కాదు. ఆ సంవత్సరపు ప్రధానయాజకుడు కయప తనంతట తానే మాట్లాడలేదని యోహాను (11:51) రాశాడు. అయినా కయప రాసిన పత్రిక మన బైబిలులో లేదు. అరేయొపగు మీద పౌలు గ్రీకు కవిని సాక్షిగా పిలిచాడు (అపొ. 17:28), కాని ఆ కవి గ్రంథాన్ని చదవమని సంఘాలకు పంపలేదు. పోతన రాముణ్ణి గూర్చి చెప్పినదంతా మనము ఒప్పుకోలేము. అవతారమన్న ఒక్క మాట దగ్గరే దారులు చీలుతాయి. ఐనా రాజులకు కావ్యాన్ని అమ్ముకోనన్న ధైర్యము, ఆపదలో తన బలమంతా పోయిన ప్రాణి పెట్టిన మొర, ఇవి ఆత్మకు పరాయివని చెప్పే అధికారము మనకెవరిచ్చారు? సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుమన్న ఆజ్ఞ (1 థెస్స 5:21) పరీక్షించకముందే తోసివేసేవారికి కూడా వర్తిస్తుంది.

ఆ విద్యార్థికి ఇంత పొడవుగా చెప్పలేదు. “నీవేమి చేశావు?” అని మాత్రమే అడిగాము. పద్యం అయ్యేదాకా ఆగాడట. తరువాత అగాధ స్థలములలోనుండి మొరపెట్టిన 130వ కీర్తన చదివాడట. పెద్దాయన దానికి కూడా తల ఊపాడు. సంఘ పెద్ద మాత్రం రెండు ఆదివారాలు అతనితో మాట్లాడలేదు.