షాంపేన్ సీమలో ఒక ఇల్లాలు



"ఇదేమిటమ్మా, సారా కబుర్లు మనకెందుకు?" అని ముక్కుమీద వేలేసుకోకండి. ఈవేళ నేను చెప్పబోయేది తాగేవాళ్ళ కథ కాదు, ఒక ఇల్లాలి కథ.

ఫ్రాన్సు దేశంలో పారిస్‌కి తూర్పుగా షాంపేన్ అనే సీమ ఉంది. అక్కడ నేల అడుగునంతా తెల్లని సుద్ద. రీమ్స్ పట్టణం కింద రోమనుల కాలంనాడు సుద్దరాయి కోసం తవ్విన పెద్దపెద్ద గోతులున్నాయి. ఎండాకాలంలోనూ అవి చల్లగా ఉంటాయి కనుక ద్రాక్షసారా సీసాలకి అవే నేలమాళిగలయ్యాయి. 2015లో యునెస్కోవారు ఈ సీమలోని కొండవాలు తోటలనూ, నేలమాళిగలనూ ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చారు.

ఆ రీమ్స్‌లోనే 1777లో బార్బ్ నికోల్ పుట్టింది. ఇరవయ్యో ఏట ఫ్రాన్స్వా క్లికోతో పెళ్ళయింది. 1805లో ఆయన పోయాడు. అప్పటికి ఆమెకి 27 ఏళ్ళు, ఒక్కగానొక్క ఆడపిల్ల.

ఇక్కడ ఒక విడ్డూరం చూడండి. 1804 నాటి నెపోలియన్ చట్టం ప్రకారం పెళ్ళయిన స్త్రీ భర్త అనుమతి లేనిదే ఏ ఒప్పందమూ చేసుకోకూడదు. భర్త పోయిన స్త్రీకి మాత్రం ఆ అడ్డు లేదు. అంటే, పసుపుకుంకుమలు పోతేగాని సంతకానికి విలువ రాలేదన్నమాట!

కొడుకు పోయాక మామగారు వ్యాపారం ఎత్తేద్దామనుకున్నారు. కోడలు పట్టుబట్టింది. సరేనని ఆయన పెట్టుబడి పెట్టి, అనుభవమున్న ఒక భాగస్వామిని జతచేశారు. 1810లో ఆ పొత్తు ముగిసింది. ఆపైన భారమంతా ఆమెదే.

షాంపేన్‌తో వచ్చిన చిక్కల్లా మడ్డి. మన ఇడ్లీపిండి పులిసి పొంగినట్టే, ఆ రసం సీసాలోనే మళ్ళీ పులుస్తుంది. నురగ పుడుతుంది, అడుగున మడ్డీ పేరుతుంది. ఇంకో సీసాలోకి వంచితే నురగ పోతుంది. 1816 ప్రాంతంలో ఆమె, తన నేలమాళిగల పెద్దపనివాడూ కలిసి బల్లకి కంతలు పెట్టించి, సీసాలను తలకిందులుగా నిలబెట్టారు. రోజూ కొంచెం కొంచెం తిప్పుతూ ఉంటే మడ్డంతా బిరడా దగ్గరికి దిగేది. బిరడా తీయగానే అది బయటికి చిమ్మేది. ఇంతే కిటుకు! వంటింట్లో తేరుకున్న నెయ్యి వంచుకునే మనకి ఇది ఇట్టే అర్థమవుతుంది.

అంతకు ముందే, 1814లో, యుద్ధం ముగిసీ ముగియగానే పోటీదారులకంటే ముందుగా 10 వేలకు పైగా సీసాలను రష్యాకి ఓడలో పంపించింది. దాంతో పేరు మారుమోగిపోయింది. ఈనాటికీ ఆ సీసాల మీద "వవ్ క్లికో" అనే ఉంటుంది. "వవ్" అంటే ఫ్రెంచిలో భర్త పోయిన ఆమె అని అర్థం.

అంత చేసిన తల్లి కూతురికి వ్యాపారం అప్పగించలేదు సుమండీ! ఓ జమీందారీ వంశపు కుర్రవాడికిచ్చి పెళ్ళిచేసి, వ్యాపారం తన కింద పనిచేసిన ఒకాయన చేతిలో పెట్టింది. 1866లో కన్నుమూసింది.

ఫ్రాన్సులో పెళ్ళయిన ఆడది భర్తనడగకుండా ఉద్యోగం చేసుకోవచ్చు, తన పేర బ్యాంకులో ఖాతా తెరుచుకోవచ్చు అని చట్టం వచ్చింది ఎప్పుడో తెలుసా? 1965లో. బార్బ్ నికోల్ భర్త పోయిన 160 ఏళ్ళకి! మీ పేర ఖాతా ఉంటే, ఈసారి బ్యాంకుకి వెళ్ళినప్పుడు సంతకం చేసేముందు ఈ మాట ఒక్కసారి తలచుకోండి. లేకపోతే ఈ వారమే వెళ్ళి తెరుచుకోండి.

మరి సెలవు.