బూడిద హిసాబ్: బొగ్గు బస్సు నుంచి బొగ్గు గ్యాసు దాకా

బొగ్గు అనే మాట చెవిన పడితే మా రావివలస, టెక్కలి వైపు జనానికి ముందు యాదికొచ్చేది కాకరాపల్లి. 2011 ఫిబ్రవరి 28న అక్కడ థర్మల్ ప్లాంటు వద్దన్నవాళ్ల మీద పోలీసు కాల్పులు జరిగాయి. జానలు పోయాయి. అంతకు ఏడెనిమిది నెలల ముందు, 2010 జూలై 14న, సోంపేట బీల దగ్గర కూడా అదే హాల్. ఆ రోజే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ సోంపేట ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. కాకరాపల్లి భూముల కేటాయింపు రద్దు కావడానికి మాత్రం 2019 దాకా ఇంతెజార్ చెయ్యాల్సి వచ్చింది.

ఇప్పుడు కొత్త మాట ఒకటి వినిపిస్తోంది. బొగ్గుని కాల్చొద్దు, గ్యాసుగా మార్చుకుందాం, ధువాఁ ఉండదు అంటున్నారు. 2030 నాటికి ఏడాదికి 10 కోట్ల టన్నుల బొగ్గుని గ్యాసు చెయ్యాలని కేంద్ర ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. అందుకోసం 2024 జనవరిలో 8,500 కోట్ల రూపాయల పథకాన్ని మంజూరు చేసింది. మరోపక్క మా సంతబొమ్మాళి మండలంలో మూలపేట రేవు పనులు 2023లో మొదలయ్యాయి. రేవు వచ్చాక దాని వెనక కార్ఖానాలు రావడం ఎక్కడైనా ఉన్నదే. అందుకే మా నౌజవాన్లు నన్ను అడుగుతుంటారు: "చాచా, ఈ బొగ్గు గ్యాసు మంచిదా, చెడ్డదా?"

దీనికి హాఁ అనో నహీఁ అనో ఒక్క ముక్కలో జవాబ్ లేదు. తవారీఖ్ మాత్రం ఉంది. అందులో మన తెలుగు నేలకి పెద్ద హిస్సా ఉంది.

ముందు అసలు సంగతి. పలాసలో జీడి తొక్క కుప్పకి నిప్పంటుకుని లోపల గాలి సరిగా ఆడకపోతే దట్టంగా పొగ లేస్తుంది. ఆ పొగలో ఇంకా కాలని సరుకు ఉంటుంది. దానికి గాలీ నిప్పూ తగిలితే భగ్గున మండుతుంది. ఇదే పనిని లోహపు గదిలో పెట్టి, కొలిచి చేస్తే గ్యాసిఫికేషన్. బొగ్గుకి పూర్తిగా కాలేంత ఆక్సిజన్ ఇవ్వరు. కొంచెమే ఇచ్చి, వేడి ఆవిరిని తోడు పంపుతారు. అప్పుడు కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ కలిసిన గ్యాసు తయారవుతుంది. దాన్ని మండించి కరెంటు తియ్యొచ్చు. యూరియా, మిథనాల్ చెయ్యొచ్చు.

ఇందులో నయాపన్ ఏమీ లేదు. 1857లోనే కలకత్తా వీధి దీపాలు బొగ్గు నుంచి తీసిన గ్యాసుతో వెలిగాయి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పెట్రోలుకి రేషన్ వచ్చినప్పుడు మన దగ్గర బొగ్గు బస్సులు తిరిగాయి. బస్సుకి తగిలించిన డ్రమ్ములో కట్టెబొగ్గు పోసి, నిప్పు రాజేసి, చేత్తో తిప్పే పంకాతో గాలి కొట్టేవారు. గ్యాసు వచ్చాకే ఇంజిను లేచేది. మా దాదా ఆ బస్సుల ముచ్చట్లు చెప్పేవారు. ఎత్తు వస్తే ముసాఫిర్లు దిగి తొయ్యాల్సిందేనట. క్లీనర్ కుర్రాడి మొహం పొద్దుగూకేసరికి మసిబారిపోయేదట. ఆ కుర్రాడి పనుల్లో ఒకటి డ్రమ్ములో రాఖ్ తీసి పారబొయ్యడం. కట్టెబొగ్గులో బూడిద తక్కువ కాబట్టి ఒక్క మనిషితో ఆ పని తెమిలిపోయేది.

గని బొగ్గుతో అలా కుదరదు. మన దేశపు బొగ్గులో బూడిద చాలా ఎక్కువ. చాలా గనుల్లో వంద కిలోల బొగ్గుకి 35 నుంచి 45 కిలోల దాకా రాఖే. జర్మనీ, ఇంగ్లండు యంత్రాలు తక్కువ బూడిద బొగ్గుకి అలవాటు పడినవి. వాటిని తెచ్చి ఇక్కడ బిగించేస్తే నడవవు. మన బొగ్గు మిజాజ్ మనమే తెలుసుకోవాలి.

ఆ పనికి పూనుకున్నవాళ్లలో ఒక పేరు మన పిల్లలకి తప్పకుండా తెలియాలి. డాక్టర్ సయ్యద్ హుస్సేన్ జహీర్. లక్నో ఖాన్‌దాన్. తండ్రి సర్ వజీర్ హసన్ అవధ్ చీఫ్ కోర్టులో ప్రధాన న్యాయమూర్తి. తమ్ముడు సజ్జాద్ జహీర్ ఉర్దూ అదబ్‌లో అభ్యుదయ రచయితల ఉద్యమానికి పునాది వేసినవాడు. తమ్ముడు కలం పట్టాడు, అన్న కెమిస్ట్రీ పట్టాడు. నిజాం ప్రభుత్వం 1944లో హైదరాబాద్‌లో పెట్టిన పరిశోధనశాలకి 1948లో డైరెక్టరయ్యారు జహీర్ సాహెబ్. అది హైదరాబాద్ అతలాకుతలమైన ఏడాది. 1956లో ఆ పరిశోధనశాల సీఎస్ఐఆర్ చేతికి వచ్చి రీజినల్ రిసెర్చ్ లాబొరేటరీ అయింది. ఇవాళ తార్నాకలో ఉన్న ఐఐసీటీ అదే. 1962లో ఆయన మొత్తం సీఎస్ఐఆర్‌కే డైరెక్టర్ జనరల్‌గా వెళ్లారు.

ఆయన హయాంలో ఆ లాబొరేటరీ సింగరేణి బొగ్గు మీద మెహనత్ చేసింది. బొగ్గుని గాలి లేకుండా తక్కువ వేడిలో ఉడికించి, పొగ రాని ఇంటి బొగ్గుగా మార్చే పద్ధతి మీద పనిచేశారు. అంగీఠీ ముందు కూర్చుని కళ్లు పాడుచేసుకునే అమ్మీలకి, దాదీలకి ఆ పని విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. తర్వాతి తరం అక్కడే, 1980ల్లో, రోజుకి 24 టన్నుల బొగ్గుని ఒత్తిడిలో గ్యాసుగా మార్చే పైలట్ ప్లాంటు నడిపింది. మన బూడిద బొగ్గు ఏ వేడికి ఎలా నడుచుకుంటుందో లెక్కలు కట్టింది.

లాబొరేటరీలో సబర్‌తో నడిచిన ఈ పని బయట మాత్రం జల్దీలో పడింది. రామగుండంలో ఎఫ్‌సీఐ ఎరువుల కార్ఖానా పెట్టారు. బొగ్గుని పొడి చేసి, కోపర్స్ టోట్‌జెక్ అనే జర్మన్ పద్ధతిలో ఆక్సిజన్‌తో గ్యాసు చేసి, దాన్నించి అమ్మోనియా, యూరియా తియ్యాలని తద్బీర్. రోజుకి 900 టన్నుల అమ్మోనియా, 1,500 టన్నుల యూరియా లక్ష్యం. 1980 నవంబరులో ఉత్పత్తి మొదలైంది. దీనికి జుడ్వా లాంటి కార్ఖానా ఒడిశాలోని తాల్చేరులో పెట్టారు. సింహాద్రి విద్యుత్ కేంద్రానికి మా పలాస మీదుగా పోయే బొగ్గు రైళ్లు బయల్దేరేది ఆ తాల్చేరు నుంచే.

రెండూ అనుకున్న సామర్థ్యానికి ఎన్నడూ నిలకడగా చేరలేదు. కరెంటు కోతలు ఒకపక్క, యంత్రాల తకరార్ ఇంకోపక్క, బొగ్గులోని బూడిద మరోపక్క. 1999లో రెండిట్లోనూ పని ఆగిపోయింది. ఆ కార్ఖానాని నమ్ముకుని క్వార్టర్లలో పిల్లల్ని పెంచుకున్నవాళ్ల రోజీ ఒక్కసారిగా పోయింది. రామగుండంలో 2021లో మళ్లీ యూరియా వచ్చింది. కానీ బొగ్గు నుంచి కాదు, పైపులైనులో వచ్చే సహజవాయువు నుంచి. బొగ్గు గనుల మధ్యలో ఉన్న కార్ఖానా దూరం నుంచి గ్యాసు తెప్పించుకుని నడుస్తోంది. తాల్చేరులో మాత్రం మళ్లీ బొగ్గు గ్యాసుతోనే కట్టాలని పూనుకున్నారు.

అలాగని ఇల్మ్ ఆగిపోలేదు. బీహెచ్ఈఎల్ సంస్థ తిరుచిరాపల్లిలో 6.2 మెగావాట్ల ప్లాంటు పెట్టి, బొగ్గు గ్యాసుతో కరెంటు తీసి చూపించింది. అలాంటి పెద్ద ప్లాంటు విజయవాడలో కట్టాలన్న మాట కాగితం దాటలేదు. హైదరాబాద్‌లోని బీహెచ్ఈఎల్ పరిశోధనా కేంద్రం ఎక్కువ బూడిద ఉన్న మన బొగ్గు నుంచే మిథనాల్ తీసింది. రోజుకి 0.25 టన్ను, అంటే 250 కిలోలు. 2022 జనవరిలో దాన్ని దేశానికి అంకితం చేశారు. చిన్న ప్లాంటే, కానీ యంత్రం మన బొగ్గు కోసం మనవాళ్లు చేసుకున్నది. జహీర్ సాహెబ్ నాటి నుంచి వచ్చిన సిల్‌సిలా అది.

ఇక నౌజవాన్ల సవాల్‌కి వద్దాం. బొగ్గు గ్యాసు సాఫ్‌గా ఉంటుందా? కొంతవరకు, హాఁ. గ్యాసుని మండించే ముందే కడుగుతారు కాబట్టి గంధకం, దుమ్ము చాలావరకు అక్కడే పట్టుబడతాయి. చిమ్నీలోంచి ఊరి మీద పడేది తగ్గుతుంది. బొగ్గు పులుసు వాయువు, అదే కార్బన్ డయాక్సైడ్, మాయమైపోదు. కాకపోతే గ్యాసుని కడిగేచోట అది చిక్కగా వేరుపడుతుంది కాబట్టి పట్టుకోవడం ఆసాన్. పట్టుకుని ఏదైనా పనికి వాడితేనో, భూమిలోపల దాచితేనో ఫాయిదా. పట్టుకోకుండా వదిలేస్తే మామూలు థర్మల్ ప్లాంటుకీ దీనికీ ఆ విషయంలో పెద్ద ఫరక్ ఉండదు.

రాఖ్ సంగతి అంతకన్నా సీదా. బొగ్గుని కాల్చినా, గ్యాసు చేసినా, అందులో ఉన్న బూడిద అందులోనే ఉంటుంది. కరిగి గడ్డ కట్టొచ్చు, పొడిగా రాలొచ్చు, ఎక్కడికీ పోదు. వంద టన్నులు లోపలికి పోతే నలభై టన్నుల దాకా బయటికొస్తుంది. దాన్ని పొయ్యడానికి నేల కావాలి. ఆవిరికీ, కడగడానికీ, చల్లార్చడానికీ నీళ్లు కావాలి.

కాకరాపల్లి జనం ఆనాడు అడిగింది కూడా ఇదే. వాళ్లు కరెంటు వద్దనలేదు. 2,640 మెగావాట్ల ప్లాంటు తమ తంపర నేలలో కూర్చుంటే చేపలు ఎక్కడికి పోతాయి, నౌపడ ఉప్పు మడులేం కావాలి, తేలినీలాపురం వచ్చే పక్షులు ఎక్కడ వాలాలి, వానాకాలం నీళ్లు ఎటు పారాలి అని అడిగారు. కాగితాల మీద ఆ తంపరని పనికిరాని నేల అన్నారు. దాని మీద రోజీ తెచ్చుకునేవాళ్లకి అది బంజరు కాదని తెలుసు.

అందుకే నా మాట ఇది. బొగ్గు గ్యాసు హుస్సేన్ జహీర్ లాంటివాళ్లు తమ ఇల్మ్‌ని ధారపోసిన రంగం. దాన్ని చూసి భయపడక్కర్లేదు, మన పిల్లలు చదువుకోవాల్సిన విద్య అది. కానీ "క్లీన్" అనే ఒక్క లఫ్జ్ విని అంగూఠా వెయ్యకూడదు. రేపు మన తీరానికి అలాంటి కార్ఖానా ఏదైనా వస్తానంటే, గ్రామసభలో లేచి నిలబడి అడగండి. రాఖ్ ఎక్కడ పోస్తారు? నీళ్లు ఎవరి చెరువులోవి? పట్టుకున్న వాయువు ఎటు పంపుతారు? కార్ఖానా రామగుండంలా ఇరవై ఏళ్లలో ఆగిపోతే మా వాళ్ల నౌకరీల జిమ్మేదారీ ఎవరిది? వీటికి కాగితం మీద, అంకెలతో, సంతకంతో హిసాబ్ ఇచ్చినవాళ్లతోనే మిగతా మాటలు మాట్లాడండి.