గుర్తు, గోడ, సంతకం: పాతబస్తీ ఎన్నికల నిబంధనల్లో పౌరుడి చోటు

2020 డిసెంబరు 1న గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ ఎన్నికల పోలింగ్ మొదలైన కాసేపటికే ఓల్డ్ మలక్‌పేట డివిజన్‌లో గొడవ లేచింది. బ్యాలెట్ పత్రంలో సీపీఐ అభ్యర్థి పేరు పక్కన కంకి కొడవలి కనబడలేదు. దాని చోట సీపీఎం వారి సుత్తి కొడవలి నక్షత్రం అచ్చయి ఉంది. రాష్ట్ర ఎన్నికల సంఘం అక్కడి పోలింగును రద్దు చేసి, డివిజన్‌లోని 69 కేంద్రాల్లోనూ డిసెంబరు 3న మళ్లీ ఓట్లు వేయించింది. అది ముగిసేదాకా ఎగ్జిట్ పోల్స్ బయటపెట్టవద్దని టీవీ చానళ్లను కట్టడి చేసింది. కొడవలి పక్కన కంకి ఉండాలా, సుత్తి ఉండాలా అన్న తేడా 150 డివిజన్ల నగరాన్ని మరో రెండు రోజులు ఊరించింది.

నవ్వొచ్చే సంగతే అయినా, సంఘం చేసింది అతి కాదు. మన ఓటు చాలామటుకు బొమ్మకు పడే ఓటు. 1951-52 నాటి మొదటి సార్వత్రిక ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అంటించారు. చదువు రానివారు కూడా తమ మనిషిని పోల్చుకునే ఏర్పాటు అది. పెట్టెలు పోయాయి, యంత్రాలు వచ్చాయి, గుర్తులు మాత్రం నిలిచాయి. తెలుగు, ఉర్దూ, దక్కనీ, హిందీ కలగలిసి వినబడే పాతబస్తీలో అన్ని ఇళ్లవారూ తడుముకోకుండా చదవగలిగేది బొమ్మ ఒక్కటే. మజ్లిస్ పార్టీకి అక్కడ పేరుతో పెద్దగా పనిలేదు, దాని గుర్తయిన పతంగి చాలు.

గుర్తుల తగాదాలు ఆ డివిజన్‌తో ఆగవు. తమ కారు గుర్తును పోలి ఉండి ఓట్లు తినేస్తోందంటూ టీఆర్ఎస్ రోడ్డు రోలర్ గుర్తు మీద ఏళ్ల తరబడి ఫిర్యాదులు చేసింది. 2022 మునుగోడు ఉప ఎన్నికలో ఒక అభ్యర్థికి కేటాయించిన ఆ గుర్తును రిటర్నింగ్ అధికారి మార్చేస్తే, కేంద్ర ఎన్నికల సంఘం కలగజేసుకుని తిరిగి ఇప్పించింది, ఆ అధికారిని తప్పించింది. ఉత్తరప్రదేశ్‌లో 2012 ఎన్నికల ముందు బీఎస్పీ గుర్తు గనుక ఏనుగు విగ్రహాలకు ముసుగులు తొడిగించిన సంఘం కూడా ఇదే. ఆ లెక్కన పతంగికి ముసుగు వేయడం మాత్రం ఎవరి తరమూ కాదు. సంక్రాంతి దగ్గరపడితే ధూల్‌పేట, గుల్జార్‌హౌజ్ దుకాణాల్లో వేలాడేవన్నీ అవే.

ఆ 2020 ఎన్నికల్లోనే ముద్ర మీద కూడా పేచీ వచ్చింది. కోవిడ్ రోజులు కావడంతో యంత్రాలను పక్కనపెట్టి కాగితపు బ్యాలెట్ వాడారు. లెక్కింపు ముందు రాత్రి ఎన్నికల సంఘం ఒక సర్క్యులర్ ఇచ్చింది. స్వస్తిక్ ముద్రకు బదులు సిబ్బంది పొరపాటున వేరే ముద్ర అందించిన చోట, ఆ ఓట్లనూ చెల్లుబాటుగా లెక్కించమని దాని సారాంశం. బీజేపీ హైకోర్టుకు వెళ్లింది. డిసెంబరు 4 పొద్దున్నే కోర్టు ఆ సర్క్యులర్‌ను నిలిపివేసింది. నేరేడ్‌మెట్ డివిజన్‌లో అలాంటి ఓట్లు ఆధిక్యం కన్నా ఎక్కువ ఉండటంతో అక్కడి ఫలితం కొన్నాళ్లు ఆగిపోయింది. ఓటరు ఎవరిని కోరుకున్నాడో కాగితం మీద కనబడుతూనే ఉంది. ఏ ముద్రతో చెప్పాడన్నదే తేలాల్సి వచ్చింది.

ఇక సంతకం. అక్టోబరు వరదల్లో మునిగిన కుటుంబాలకు ప్రభుత్వం ఇస్తున్న 10,000 రూపాయల సాయాన్ని నవంబరు 18న ఎన్నికల సంఘం ఆపించింది. బీజేపీ రాసిన లేఖే కారణమని టీఆర్ఎస్ ఆరోపించింది. ఆ లేఖ తనది కాదని, సంతకం ఫోర్జరీ అని చెప్పిన అప్పటి బీజేపీ రాష్ట్ర అధ్యక్షుడు బండి సంజయ్, ఆ మాట నిలబెట్టుకోవడానికి రెండు రోజుల తర్వాత చార్మినార్‌ను ఆనుకుని ఉన్న భాగ్యలక్ష్మి ఆలయానికి వెళ్లారు. వరద సాయం ఎవరికి అందాలి, ఎంత అందాలి అన్న చర్చ వెనక్కి పోయి, ఒక కాగితం కింద సంతకం ఎవరిదన్నది ప్రచారాంశమైంది.

గోడల సంగతికొస్తే, వాటికెక్కే పోస్టర్లు అచ్చయ్యే చోటు పాతబస్తీలో ఛత్తాబజార్. పెళ్లి పత్రికలకూ ఉర్దూ కాతిబులకూ (చేతిరాత లేఖకులకూ) పేరుపడిన ఈ అచ్చు బజారుకు ఎన్నికలు కూడా ఒక సీజనే. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలకు వర్తించే ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షన్ ప్రకారం పోస్టరు మీద ముద్రాపకుడి పేరు, చిరునామా, ప్రచురణకర్త పేరు, చిరునామా ఉండి తీరాలి. ప్రచురణకర్త సంతకం చేసిన ప్రకటనను అతన్ని స్వయంగా ఎరిగిన ఇద్దరు ధ్రువీకరించాలి. తప్పితే ఆరు నెలల దాకా జైలు, 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. సభ తేదీ, వేళ, స్థలం మాత్రమే చెప్పే కరపత్రానికి మినహాయింపు ఉంది. ఇందులో అందమైన చిక్కు ఇంకొకటి: చేత్తో నకలు రాయడం ఈ సెక్షన్ లెక్కలో ముద్రణ కాదు. అంటే కాతిబు తన కలంతో ఎన్ని ప్రతులు రాసినా ముద్రాపకుడు కాడు. అదే రాత గోడెక్కితే మాత్రం 1997 నాటి బహిరంగ ప్రదేశాల వికృతీకరణ నిరోధక చట్టం ఎదురవుతుంది.

ఇంటి యజమాని ఒప్పుకుంటే సరిపోదా? కేంద్ర ఎన్నికల సంఘం సూచనల ప్రకారం అది స్థానిక చట్టాన్ని బట్టి ఉంటుంది. చట్టం గోడ రాతలను పూర్తిగా నిషేధించిన చోట యజమాని సమ్మతికి విలువ లేదు. అనుమతించిన చోట రాతపూర్వక సమ్మతి తీసుకుని, మూడు రోజుల్లోగా రిటర్నింగ్ అధికారికి అందజేయాలి. ఒక ఇంటి మీద ఒక పార్టీ జెండాలు మూడుకు మించకూడదు. మునిసిపల్ ఎన్నికలను నడిపే రాష్ట్ర ఎన్నికల సంఘానిది వేరే నియమావళి, కానీ ధోరణి ఇంచుమించు ఇదే. అమెరికాలో సంగతి వేరు. మిస్సోరి రాష్ట్రంలోని లాడ్యూ పట్టణం ఇళ్ల మీద బోర్డులను దాదాపు నిషేధించింది. గల్ఫ్‌లో శాంతి కోరుతూ కిటికీలో చిన్న కాగితం అంటించిన మార్గరెట్ గిలియో ఆ నిషేధాన్ని సవాలు చేస్తే, 1994లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆమె పక్షాన నిలిచింది. అక్కడ కిటికీ ఇంటివారి గొంతు. ఇక్కడి నిబంధన గోడను అభ్యర్థి ప్రచార స్థలంగానే చూస్తుంది, ఇంటివారికి సొంతంగా చెప్పేదేదో ఉండవచ్చన్న ఊహ అందులో లేదు.

పైగా ఈ కట్టుదిట్టమంతా గట్టిగా అమలయ్యేది ఎన్నికల కోడ్ ఉన్నన్నాళ్లే. మిగతా రోజుల్లో పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీలు స్తంభాలెక్కుతూనే ఉంటాయి. నగరపాలక సంస్థ విజిలెన్స్ విభాగం అధికార పార్టీ నాయకులకు కూడా చలానాలు రాసిన సందర్భాలున్నాయి. ఆ మొత్తాలు మాత్రం నాయకుణ్ణి ఆపేంతవి కావు.

గుర్తుకూ గోడకూ సంతకానికీ ఇన్ని నిబంధనలున్నా, ఓటరు తనంతట తాను ఒక ప్రశ్నను బ్యాలెట్ మీదికి తెచ్చే దారి ఈ చట్టాల్లో ఎక్కడా లేదు. కాలిఫోర్నియాలో 1911 నుంచి తగినన్ని సంతకాలు పోగైతే ప్రతిపాదన నేరుగా ఓటింగుకు వెళుతుంది. అంత దూరం పోనక్కర్లేదు, పక్కనున్న మహారాష్ట్రలో మద్యం దుకాణాల విషయంలో ఇలాంటిదే ఉంది. మహిళా ఓటర్లలో 25 శాతం మంది సంతకాలతో అర్జీ పెడితే, అధికారులు సంతకాలు సరిచూసి ఓటింగు జరుపుతారు. బ్యాలెట్ మీద అభ్యర్థుల పేర్లుండవు. నిలబెట్టిన సీసా ఒకటి, పడుకోబెట్టిన సీసా ఒకటి ఉంటాయి. పడుకోబెట్టిన సీసాకు తగినన్ని ఓట్లు పడితే దుకాణం మూతపడుతుంది. ఒక ప్రశ్నకు బొమ్మ గీసి జనం ముందు పెట్టడం మన ఎన్నికల యంత్రాంగానికి చేతకాని పనేమీ కాదని ఈ రెండు సీసాలు రుజువు చేస్తున్నాయి.

హైదరాబాదులో అదే సంతకాల కట్ట అధికారులు అర్జీలు తీసుకునే సోమవారం ప్రజావాణికి వెళుతుంది. అక్కడ దానికి ఒక రసీదు వస్తుంది, తర్వాత సంబంధిత శాఖకు చేరుతుంది. 2020 అక్టోబరులో సవరించిన జీహెచ్ఎంసీ చట్టం డివిజన్ స్థాయిలో యువతకూ, మహిళలకూ, వృద్ధులకూ, ప్రముఖులకూ కమిటీలు ప్రతిపాదించింది. వాటిలో దేనికీ ఒక విషయాన్ని డివిజన్ అంతటి ముందు ఓటుకు పెట్టే అధికారం లేదు. కంకి, సుత్తి తారుమారైతే 69 కేంద్రాల్లో మళ్లీ పోలింగ్ జరిపించగల వ్యవస్థ ఓల్డ్ మలక్‌పేటలో ఉంది. అదే డివిజన్‌లో మోరీ గురించో, మద్యం దుకాణం గురించో వెయ్యిమంది సంతకాలు పెడితే ఒక్క కేంద్రం తెరిపించే సెక్షన్ లేదు.