కాగితం మీద నగరం, కాగితం కింద పల్లె

ఊహాపటాలు గీసుకోవడం మనవాళ్ళకు కొత్త కాదు. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగేనాటికే గుంటూరు యువకులు కొందరు తెలుగు మాట్లాడే ప్రాంతాలన్నిటినీ కలిపి ఒక పటం తయారుచేశారు. అటువంటి రాష్ట్రం అప్పటికి లేదు. 1946లో పుచ్చలపల్లి సుందరయ్య ‘విశాలాంధ్రలో ప్రజారాజ్యం’ రాసేనాటికీ లేదు. అయితే ఆ పటాలలో కల్పన అంతా సరిహద్దు గీతలోనే ఉంది. గీత లోపలి ఊళ్ళూ, ఏళ్ళూ, మనుషులూ యథార్థం.

విజయవాడకు ఎదుటి ఒడ్డున, తుళ్ళూరు ప్రాంతం మీద 2015లో తయారయిన పటం దీనికి తలకిందులు. సరిహద్దు యథార్థమే: 29 గ్రామాలు, 217 చదరపు కిలోమీటర్లు. లోపల ఉన్నది కల్పన. సింగపూరు సంస్థలు కంప్యూటరు మీద గీసి ఇచ్చిన ఆ పటంలో తొమ్మిది నగరాలున్నాయి: పరిపాలనకొకటి, న్యాయానికొకటి, ఆర్థికానికొకటి, ఆటలకొకటి, ఈ వరసన. కృష్ణ నీలంగా, నీడలు కూడా పడనంత శుభ్రంగా ఉంది. రాజధాని కేంద్రప్రాంత ప్రణాళిక ప్రభుత్వం చేతికందినది జూలైలో. ‘బాహుబలి’ మొదటి భాగం విడుదలయిందీ ఆ నెలలోనే. మాహిష్మతి కోటల్లో చాలా భాగాన్ని కంప్యూటరు మీదే కట్టారు. ఒకే ప్రేక్షకుడు ఒకే నెలలో రెండు మహానగరాలను చూశాడు. 2017లో రాజధాని కట్టడాల నమూనాలకు ఆ సినిమా దర్శకుడు రాజమౌళినే సలహా అడిగారు. అందుకు ఆయనను తప్పుపట్టనక్కరలేదు. మాహిష్మతి కోసం ఎవరి చేనూ ఖాళీ చేయించలేదు గదా!

ఇటువంటి పటం తయారయ్యే తీరు తెలుసుకోవడం మంచిది. కంప్యూటరులో బొమ్మను పొరలు పొరలుగా వేస్తారు. అడుగున ఉపగ్రహం తీసిన ఛాయాచిత్రం, దానిపైన రోడ్లు, ఆపైన కట్టడాలు, తోటలు, రంగులు. పైపొరలు సిద్ధమయ్యాక అడుగుపొరను ఒక్క మీట నొక్కి కనబడకుండా చెయ్యవచ్చు. ఊహాలోకం గీసే చిత్రకారుడికి ఆ అడుగుపొర అక్కరే లేదు; తెల్లకాగితం చాలు. ప్రభుత్వానికి తెల్లకాగితం ఎక్కడిది?

అడుగుపొరలో ఉన్నవి ఏటి ఒడ్డు జరీబు భూములు. ఉండవల్లి, పెనుమాక రైతులు చాలామంది సమీకరణకు ఎదురు తిరిగింది ఈ భూముల కోసమే. కూరగాయలు, అరటి, పూలు ఏడాది పొడుగునా పండే నేల అది. మిగిలిన గ్రామాలనుంచి 33 వేల పైచిలుకు ఎకరాలు వచ్చాయి. జరీబు ఎకరానికి వెయ్యి గజాల ఇళ్ళస్థలం, 450 గజాల వ్యాపారస్థలం ఇస్తామన్నారు. అంటే రైతు తన చేనిచ్చి, బొమ్మలోని ఒక గడిని పుచ్చుకున్నాడు. అసైన్డు భూములు దున్నుకునే దళితులకు ఆ గడి కూడా మొదట పట్టా రైతుతో సమానంగా దక్కలేదు.

కూలి మాటేమిటి? భూమి లేని కుటుంబానికి నెలకు 2,500 రూపాయల పింఛను నిర్ణయించారు. పట్టా ఉన్నవాడికి పటంలో వాటా ఉంది. చేతులు మాత్రమే ఉన్నవాడికి లేదు. అరటితోటలో గెల కోసేవాడు, మల్లెతోటలో మొగ్గ తెంపే ఆడది తొమ్మిది నగరాలలో ఏ నగరపు పౌరులో ఆ పటం చెప్పలేదు. రాజధాని ఉద్యమం గురించి రాసే మన మిత్రులు కూడా రైతు దగ్గరే ఆగిపోతున్నారు. నేనూ ఒకప్పుడు అలాగే రాశాను.

2019 డిసెంబరు 17న శాసనసభలో మూడు రాజధానుల మాట వచ్చింది. ఒక ప్రభుత్వం గీసిన బొమ్మను మరో ప్రభుత్వం పక్కన పెట్టేసింది. బొమ్మను నమ్మి చేను వదులుకున్న రైతులు, వారిలో పెద్ద సంఖ్యలో స్త్రీలు, ఏళ్ళ తరబడి దీక్షలలో కూర్చున్నారు. 2022 మార్చి 3న హైకోర్టు రాజధానిని అక్కడే అభివృద్ధి చేయమన్నది. అప్పటికీ అటు నగరమూ లేదు, ఇటు పంటా లేదు. పొలాల గట్లు చెరిగి, సగం లేచిన కట్టడాల చుట్టూ ముళ్ళకంప మొలిచింది.

2024లో ప్రభుత్వం మళ్ళీ మారాక ఆ కంపను కొట్టించడమే తొలి పనుల్లో ఒకటయింది. 2025 మే 2న పనులు తిరిగి ప్రారంభించారు.