ఆల్టర్నేటర్ బెల్టు వదులు

కారు ఇంజన్‌లో క్రాంక్‌షాఫ్ట్ పుల్లీ నుంచి ఆల్టర్నేటర్‌ను తిప్పే రబ్బరు బెల్టు బిగువు తగ్గడం. మెకానిక్‌ల నోట ఇది ‘ఫ్యాన్ బెల్టు లూజు’.

మొదటి గుర్తు కీచుమనే శబ్దం. స్టార్ట్ చేయగానే, హెడ్‌లైట్లు వేయగానే ఎక్కువ వినిపిస్తుంది. లోడు పెరిగి బెల్టు పుల్లీపై జారుతుంది. జారే కొద్దీ వేడికి దాని పక్కలు నున్నబడి మెరుస్తాయి, పట్టు ఇంకా పోతుంది. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వద్ద సుమారు 13.5–14.5 వోల్టులు ఉండాలి. అది 12 దగ్గరే ఆగితే చార్జింగ్ లేనట్టే. ఇలాంటప్పుడు చాలామంది ముందు బ్యాటరీ మార్చేస్తారు, దండగ.

శబ్దం వచ్చేటప్పుడు, చేతులు దూరంగా ఉంచి, బెల్టుపై కాస్త నీళ్లు చిలకరిస్తే కారణం తేలుతుంది. కీచు పెరిగితే బిగువు లోపం. కాసేపు ఆగి మళ్లీ మొదలైతే పుల్లీలు ఒకే వరసలో లేవని అనుమానించాలి.

మారుతి 800 వంటి పాత కార్లలో ఇంజన్ ఆపి, రెండు పుల్లీల నడుమ బొటనవేలితో గట్టిగా నొక్కితే బెల్టు సెంటీమీటరు లోపు కుంగాలి (కచ్చితమైన కొలత మాన్యువల్‌లో ఉంటుంది). ఎక్కువైతే బోల్టులు వదులు చేసి, ఆల్టర్నేటర్‌ను బయటికి లాగి బిగిస్తారు. అతిగా బిగిస్తే బేరింగులు పోతాయి. ఆటోమేటిక్ టెన్షనర్ ఉన్న కార్లలో ఈ సర్దుబాటు ఉండదు. స్ప్రింగు బలం తగ్గితే టెన్షనర్‌నే మార్చాలి. పగుళ్లున్న, నూనె పీల్చిన బెల్టును బిగించి లాభం లేదు. చాలా కార్లలో వాటర్ పంపు కూడా ఇదే బెల్టుతో తిరుగుతుంది కనుక, బ్యాటరీ లైటుతోపాటు టెంపరేచర్ ముల్లు పైకెక్కితే బండి వెంటనే ఆపాలి.