పారే నీరు, కోసేసిన అంచు

ఛాయాచిత్రం అబద్ధమాడదన్న నమ్మకం మన విద్యావంతుల్లో కూడా బలంగా ఉంది. యంత్రం చూసినదే కాగితం మీదికి వస్తుంది గనుక అందులో మనిషి ప్రమేయం లేదంటారు. ఈ వాదం నిలవదని తేల్చడానికి పారే నీటి చిత్రం ఒక్కటి చాలు. నీరు ఆగదు, చిత్రం కదలదు. ఈ వైరుధ్యాన్ని ఎట్లా పరిష్కరించాలో నిర్ణయించేవాడు చిత్రకారుడు. ఏ అంచు ఉంచాలో, ఏది కోసెయ్యాలో నిర్ణయించేవాడు దాన్ని అచ్చువేసేవాడు. నీటికి మొగంవాచిన కర్నూలు, కడప సీమల్లో ఈ నిర్ణయం కేవలం అందానికి సంబంధించింది కాదు.

ఈ చరిత్రలో మొదటి ఘట్టం గాజుపలకలది. 1851లో ఆర్చర్ అనే ఆంగ్లేయుడు ప్రకటించిన కొలోడియన్ పద్ధతిలో పలకకు మందు పూసి, తడి ఆరకముందే చిత్రం తీసి, అక్కడే చీకటి గుడారంలో కడగాలి. పలక మీద వెలుగు పడవలసిన కాలం సెకన్లలో ఉండేది. ఆ వ్యవధిలో ఆనకట్ట మీంచి దూకే నీరు అలలన్నీ పోగొట్టుకొని తెల్లని పొగమంచవుతుంది. రాతికట్టడం చెక్కు చెదరకుండా నిలుస్తుంది. అటూ ఇటూ నడిచే కూలి మసక మరకగా మిగులుతాడు, లేదా పూర్తిగా మాయమవుతాడు. పైగా ఆ మందు ఎరుపును గుర్తించదు. అంచేత మన ఎర్రనేల నల్లబడుతుంది. కట్టడం మిగిలి, కట్టిన చేతులు చెరిగిపోవడం ఆనాటి పద్ధతిలోనే ఉంది.

సరిగ్గా ఆ కాలంలోనే, 1860ల దశకంలో, మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తుంగభద్ర మీద సుంకేసుల ఆనకట్ట కట్టి కర్నూలు–కడప కాలవ తవ్వించింది. పదిలక్షల పౌన్ల పెట్టుబడికి నూటికి అయిదు చొప్పున వడ్డీ వచ్చేట్టు ప్రభుత్వం హామీ ఇచ్చింది. రైతుకు మాత్రం ఏ హామీ లేదు. కాలవ ఉండగానే 1876–78 కరువు వచ్చింది. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా జనం దాదాపు నాలుగోవంతు తగ్గారు. 1882లో ప్రభుత్వం ఆ కాలవను కొనుక్కొంది. మద్రాసు రాజధానిలో ఆ కరువును హూపర్ అనే సైనికాధికారి చిత్రించాడు. బక్కచిక్కిన మనుషులను వరుసగా కూర్చోబెట్టి తీసిన ఆ చిత్రాలు ఆకలిని చూపాయి, దాని కారణాన్ని చూపలేదు.

రెండో ఘట్టం చిన్న కెమెరాతో మొదలైంది. గాజుపలకను అదే కొలతలో అచ్చుతీసేవారు గనుక కూర్పంతా ముక్కాలిపీట ఎక్కడ నిలపాలన్నదాని మీదే ఆధారపడేది. చిన్న ఫిలిమూ ఎన్‌లార్జరూ వచ్చాక కూర్పు చీకటిగదిలో రెండోసారి జరుగుతుంది. 1929లో వచ్చిన రోలీఫ్లెక్స్ చదరపు చిత్రమిస్తుంది; దాన్ని పొడుగుకాగితం మీద నిండుగా అచ్చువేయాలంటే ఏదో ఒకటి కోయక తప్పదు. షట్టరు సెకనులో అయిదువందలో వంతు తెరిస్తే ప్రతి తుంపరా రాయిలా గడ్డకడుతుంది. అర సెకను తెరిస్తే ధార పట్టుదారమవుతుంది. నీరు పోయే దిక్కున కొంత చోటు వదలాలి, కదలని బండ ఒకటి పక్కన ఉండాలి, అప్పుడే వేగం తెలుస్తుంది. ఈ సూత్రాలన్నీ సరైనవే. ఐతే ఒడ్డున బిందెలతో నిలబడ్డవాళ్లను కోసేస్తే నీరు ఎవరికీ చెందని ప్రకృతి అవుతుంది. వాళ్లను ఉంచి ఆకాశం కోస్తే అదే నీరు ఒక సామాజిక సమస్య అవుతుంది. ఫిలిం ఒక్కటే, అర్థాలు రెండు.

1940ల్లో కమ్యూనిస్టు పార్టీ పత్రిక ‘పీపుల్స్ వార్’లో కరువు చిత్రాలు ప్రకటించిన సునీల్ జానా తరువాతి కాలంలో ఆనకట్టలనూ ఉక్కు కర్మాగారాలనూ కూడా చిత్రించాడు. కరువు ఒక వస్తువు, కట్టడం మరొక వస్తువు అని విడదీయనక్కరలేదు.

మూడో ఘట్టం శ్రీశైలం. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్ట మొదట విద్యుత్తు కోసం తలపెట్టింది. 1981లో జలాశయం నింపడానికి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైచిలుకు గ్రామాలను ఖాళీ చేయించారు. వరద వచ్చి పన్నెండు గేట్లలో కొన్ని ఎత్తినప్పుడల్లా పత్రికలు తెల్లని నురుగూ నల్లని కొండా నిండిన చిత్రం వేస్తూ వచ్చాయి. ఆ చిత్రం చూసి సీమకు నీళ్లొచ్చాయని సంతోషించేవాళ్లున్నారు. నిజానికి గేట్ల మీంచి దూకేది సీమను దాటి నాగార్జునసాగరానికి పోయే నీరు. సీమ కాలవలకు నీరు ఆనకట్టకు ఎగువన పోతిరెడ్డిపాడు దగ్గర తూము గుండా చప్పుడు లేకుండా మళ్లుతుంది. సాగునీటిలో రాయలసీమకు ప్రాధాన్యమిస్తామన్న 1937 శ్రీబాగ్ ఒడంబడిక ఏమైందో తెలియాలంటే చూడవలసింది ఆ తూమును. కాని దానికి నురుగు లేదు. మునిగిన ఊళ్లకూ నురుగు లేదు. వేసవిలో నీరు తగ్గి సంగమేశ్వరాలయం బయటపడినప్పుడు మాత్రం వాటి జాడ కొంత కనిపిస్తుంది.

కళలో ఎంపిక తప్పదని కొందరు అంటారు. నిజమే. కోత నేరం కాదు. నీటికీ మనిషికీ ఉన్న సంబంధాన్ని బిగించే కోత వేరు, తెంచే కోత వేరు. కనుక మన అధ్యాపకులు నీటి చిత్రాన్ని తరగతిలో చూపినప్పుడు దాని అందం చెప్పి ఊరుకోకూడదు. ఈ నీరు ఎటు నుంచి ఎటు పోతున్నది? ఒడ్డు ఎక్కడ? ఒడ్డున ఉన్నవాళ్లెవరు? ఈ మూడు ప్రశ్నలూ వేయించాలి. జవాబు చిత్రంలో దొరక్కపోతే అంచు అవతల వెతకడం నేర్పాలి.