గాలిలో అరగంట

వైరా మీదుగా భద్రాచలం పోయే హైదరాబాదు బస్సులను చూసినప్పుడల్లా నాకొక లెక్క తోస్తుంది. రెండు ఊళ్ళ అక్షాంశ రేఖాంశాలను పట్టి గణిస్తే ఆకాశమార్గాన దూరం సుమారు 257 కిలోమీటర్లు. గంటకు 500 కిలోమీటర్లు పోయే చిన్న విమానానికి అది అరగంట ప్రయాణం. భద్రాచలంలో విమానాశ్రయం లేదు గనుక ఆ అరగంట కాగితం మీదే ఉన్నది. సూర్యాపేట, ఖమ్మం, వైరా, కొత్తగూడెం మీదుగా రోడ్డుదారి 300 కిలోమీటర్లు దాటుతుంది. రైలైతే కొత్తగూడెం దాకానే. ఆ స్టేషను పేరు మాత్రం భద్రాచలం రోడ్!

ఈ దూరాన్ని చరిత్ర కూడా పెంచుతూ, తగ్గిస్తూ వచ్చింది. తానీషా కాలంలో గోల్కొండకూ భద్రాద్రికీ ఏలిక ఒక్కడే. పాల్వంచ తహసీలుదారు కంచెర్ల గోపన్న సర్కారు సొమ్ముతో గుడి కట్టించి గోల్కొండ చెరసాల పాలయ్యాడు. 1860లో నిజాము భద్రాచలం సీమను ఆంగ్లేయులకు అప్పగించడంతో గోదావరి సరిహద్దయింది. ఆపై 96 ఏళ్ళు వైరా, భద్రాచలం వేర్వేరు ఏలుబడులలో ఉండిపోయాయి. 1956లో రాష్ట్రం ఒకటైంది. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది. నది మీద వంతెన 1965లో గాని రాలేదు. అంతవరకు పడవే దిక్కు.

2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. దానిని ఆనుకొని ఉన్న ఎటపాక ఆంధ్రకు పోయింది. నడిచిపోయే దూరంలోని పక్క ఊరు నేడు పరరాష్ట్రం. విమానం లెక్కలో ఈ గీతలేవీ కనబడవు. దూరాన్ని కొలవడానికి కిలోమీటర్లూ గంటలూ చాలవని, ఏ కాలంలో ఎవరి ఏలుబడిలో ఉన్నామన్నది కూడా ఒక కొలతేనని మా సీమ చరిత్ర చెబుతున్నది.